తార్నాక తలుపులు: లక్క, వార్నీషు, రంగుల పూర్వచరిత్ర

రాజుల యుద్ధములను గూర్చియు, రాజ్యముల యెల్లలను గూర్చియు వ్రాసినవారికి మనలో కొదువ లేదు. తలుపును గూర్చి వ్రాసినవారు అరుదు. మానవుడు తన యింట దినమునకు పదిమారులు చేతితో తాకు వస్తువు తలుపే. దానిపై పూసిన పూతలలో దేశపు వర్తకము, కాలపు విజ్ఞానము, కుటుంబపు కలిమిలేములు పొరలుపొరలుగా నిలిచియుండును. పాత పహాణీలను తిరుగవేసి, ఏ పొలము ఎవరి చేతినుండి ఎవరి చేతికి మారినదో చూచుట అలవాటైన నావంటి లెక్కల మనిషికి ఈ పొరలు చదువుట కొంత తెలియును. మన గ్రంథాలయపు టేకు బీరువాలకు రజతోత్సవానంతరము రంగు వేయింపవలెనని కార్యవర్గము నిశ్చయించియున్నది. కావున ఈ విషయము పాఠకులకు ఉబుసుపోక మాత్రమే కాబోదని తలచి వ్రాయుచున్నాను.

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఏర్పడినది. తొలుత హైదరాబాదు నగరమధ్యమున, ఆబిడ్సు ప్రాంతపు భవనములలో తరగతులు నడచెను. పిమ్మట నగరమునకు తూర్పుగా అడిక్‌మెట్ భూములను ఎన్నుకొనిరి. ఆ భూములు పూర్వము మహ్ లఖా బాయి చందా (1768–1824) యను కవయిత్రికి చెందినవని చెప్పుదురు. ఆర్ట్సు కళాశాల భవనమునకు 1934లో శంకుస్థాపనము జరుగగా, 1939 డిసెంబరు 4వ తేదీన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను దానిని ప్రారంభించెను. సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగు అను స్థపతులును, బెల్జియము దేశస్థుడైన ఎర్నెస్టు జాస్పరును ఆ నిర్మాణమునకు బాధ్యులు. గులాబివన్నె రాతితో కట్టిన ఆ మహాభవనమును చూడనివారు ఈ ప్రాంతమున కొలదిమందియే యుందురు.

ఆ ఆవరణమునకు ఆనుకొని, సికిందరాబాదునుండి ఉప్పలు పోవు మార్గమున తార్నాక కలదు. ఒకప్పుడు అచ్చట తోట చుట్టును తీగ కంచె, దాని మొగమున కాపలా నాకా యుండెననియు, ఆ ‘తార్ నాకా’యే తార్నాక అయినదనియు జనుల మాట. 1944లో నిజాము ప్రభుత్వము శాస్త్ర పారిశ్రామిక పరిశోధనలకై ఒక కేంద్ర ప్రయోగశాలను నెలకొల్పెను. అది 1956లో ప్రాంతీయ పరిశోధన ప్రయోగశాల యను పేరును, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యను పేరును ధరించి, నేటికిని తార్నాకలో నున్నది. 1918లో కూనూరున పుట్టిన పోషకాహార పరిశోధనాలయము 1958లో ఇచ్చటికే తరలివచ్చినది. అధ్యాపకులు, శాస్త్రజ్ఞులు, ప్రయోగశాలల గుమాస్తాలు ఇచ్చట స్థలములు కొని యిండ్లు కట్టుకొనిరి. నేల షాబాదు బండ, గోడ సున్నము, ద్వారము టేకు. సంపన్నులు కాకపోయినను తలుపు విషయమున వారు లోభింపలేదు.

మా బంధువులలో నొకరు విశ్వవిద్యాలయమున అధ్యాపకులై, 1964లో అట్టి యిల్లొకటి కట్టిరి. నాలుగేండ్ల క్రిందట ఆ యింట శుభకార్యము వచ్చినది. ముఖద్వారము నల్లబడియున్నదని, ఒక రంగులవానిని పిలిచి, రెండు దినములలో తలుపులన్నిటికి తెల్లని ఎనామిలు వేయించిరి. పెండ్లినాటికి తలుపులు అద్దములవలె నుండెను. ఆ వేసవి గడచునప్పటికి పడమటి యెండ తగులు తలుపు బీటలు వారి, రంగు పాము కుబుసమువలె రేకులు రేకులుగా లేచినది. గోరుతో లాగిన జానెడు పొర ఊడివచ్చుచుండెను. ఊడివచ్చిన పొర వెనుకవైపు నున్నగా, మచ్చలేక, అద్దమువలె నుండుట నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది.

పూత ఏల నిలుచును? ఏల ఊడును? కొయ్యకు సన్నని రంధ్రములుండును. మొదటి పూత వానిలో దిగి, వేరుపట్టి, ఆరి గట్టిపడును. వార్నీషు వేసిన పిమ్మట ఆ రంధ్రములన్నియు మూసికొనిపోయి, పైన గాజువంటి తలము ఏర్పడును. దానిపై క్రొత్త రంగు వేసినచో, అది దిగుటకు చోటులేక పైననే తేలి, ఎండిన చెరువుపై నాచువలె అంటియుండును. ఎండకు టేకు ఒక తీరున సాగును, వార్నీషు వేరొక తీరున మెత్తబడును, పై రంగు మరియొక తీరున బిగియును. మూడును ఒక్క త్రోవన నడువనప్పుడు పట్టులేని పొర విడివడుట సహజము. దీనికితోడు మన యిండ్ల ద్వారబంధములకు ఇంకొక విశేషము కలదు. గడపకు పసుపు, తలుపునకు పండుగపండుగకు కుంకుమబొట్లు, గూటిలోని ఆముదపు దీపపు మసి, వచ్చుచు పోవుచు పట్టుకొను చేతుల జిడ్డు, ఇవన్నియు ఏండ్ల తరబడి పేరుకొని మెరుగుపై మరియొక కనబడని పూతగా నిలుచును. నూనెపై రంగు నిలువదని చెప్పుటకు శాస్త్రజ్ఞుడు అక్కరలేదు.

రెండవమారు పిలిచిన రంగులవాడు జనగామ ప్రాంతపు వృద్ధుడు. తలుపును చేతితో తడవి చూచి అతడన్న మాట నాకు నేటికిని జ్ఞాపకము. “రంగేసుడు ఒక్క పూట పని, పంతులుగారూ. గీకుడుకే మూడు దినాలు పడతది. ఆ మూడు దినాల కూలి దండుగని అందరనుకుంటరు.” అతడు గీకుచుండగా నేను ప్రక్కన కూర్చుండి పొరలను చూచితిని. ఆ తలుపు అరువది యేండ్ల దస్తరము వలె తోచినది.

పైన నాలుగేండ్ల నాటి తెలుపు. దాని క్రింద గంధపువన్నె ఎనామిలు. అది 1980 ప్రాంతమున, యజమాని వయసుననే వేసినదని ఇంటివారు చెప్పిరి. మన దేశమున పెద్ద యెత్తున రంగుల తయారీ 1902లో కలకత్తా చెంత షాలిమారు కర్మాగారముతో మొదలైనది. 1942లో బొంబాయిలో నలుగురు మిత్రులు కలిసి ఏషియన్ పెయింట్సు స్థాపించిరి. అదివరకు రంగు వేయువాడు సఫేదాయను సీసపు తెలుపును అవిసెనూనెతో నూరి, తన రంగును తానే సిద్ధము చేసికొనుచుండెను. డబ్బా రంగు వచ్చిన తరువాత పని తేలికయైనది గాని, తెరచి పూయుటయే పని యను భ్రమయు దానితోనే వచ్చినదని నా యభిప్రాయము.

ఈ రెండవ పొరయొద్ద ఆ వృద్ధుడు ఉప్పుకాగితమును ప్రక్కన పెట్టి, నీటిలో తడిపి రుద్దు నల్ల కాగితమును తీసెను. కారణమడుగగా “పాత రంగు దుమ్ము మంచిది కాదు” అని మాత్రము చెప్పెను. అతని గురువు చెప్పిన మాట కావచ్చును. శాస్త్రము దానికి సాక్ష్యమిచ్చుచున్నది. వెనుకటి ఎనామిళ్లలో తెలుపునకును, పసుపువన్నెకును, త్వరగా ఆరుటకును సీసపు లవణములు విస్తారముగా వాడుచుండిరి. పొడిగా రుద్దినచో ఆ సీసము సన్నని ధూళియై గాలిలో లేచి నేలపై పడును. ప్రాకు బిడ్డలు చేతులు నోట పెట్టుకొందురు గదా. సీసము పసివారి మెదడు ఎదుగుదలకు హానిచేయును. రక్తమున ఇనుము తక్కువైన బిడ్డల శరీరము దానిని మరింత పీల్చుకొనును. 2016లో భారత ప్రభుత్వము గృహములకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని నియమము చేసినది. అది 2017 నవంబరునుండి అమలునకు వచ్చినది. క్రొత్త డబ్బాకు నియమము కలదు. పాత తలుపుపై నున్న పొరకు నియమమేమి చేయగలదు? దానిని తడిపి రుద్దుటయే మార్గము. దుమ్మును ఊడ్వక తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డలను పారవేయవలెను. పని జరుగు గదిలోనికి పిల్లలను, గర్భవతులను రానీయరాదు. నోటికి ముక్కునకు మాస్కు కట్టుకొనవలెను. ఆ వృద్ధుడు తన పై కండువాయే చుట్టుకొనెను గాని, అంతటి సన్నని ధూళిని కండువా ఆపజాలదు.

గంధపువన్నె క్రింద తేనెరంగు వార్నీషు. ఇది నూనె వార్నీషు. అవిసెనూనెను కాచి అందు గుగ్గిలమువంటి బంకను కరగించి, టర్పెంటైనుతో పలుచన చేయుట దీని పూర్వపద్ధతి. నూనె ఆరుట యనగా నీరువలె ఆవిరియగుట గాదు. అది గాలిలోని ప్రాణవాయువును గ్రహించి, తానొక గట్టి చర్మముగా మారును. ఆరిన నూనె తడి నూనెకంటె బరువు తూగునని విన్నప్పుడు నేను నమ్మలేదు. తూచి చూచినవారు వ్రాసిన దానిని చదివి ఒప్పుకొంటిని. అవిసెనూనెకు ఈ గుణము కలదు. మన ఆముదమునకు లేదు. ఏండ్లు గడచినను ఆముదము ఆముదముగానే యుండును. అందులకే అది దీపమునకును, తలకును, బండి యిరుసునకును పనికివచ్చెను గాని పూతకు పనికిరాలేదు.

ఈ యాముదమును పూతకు తెచ్చుట తార్నాక చరిత్రలో నొక భాగము. తెలంగాణము, ముఖ్యముగా నల్లగొండ, మహబూబునగరు మెట్టభూములు ఆముదపు పంటకు పేరొందినవి. ఆముదములో నూటికి 85 పాళ్లకు మించి ఒకే యామ్లము కలదు. ఆ యామ్లమునుండి నీటిపాలును వేడిచే తొలగించినచో దాని స్వభావము మారి, అవిసెనూనెవలె గాలికి ఆరు నూనెయగును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున చైనా దేశపు టుంగు నూనె రాకపోకలు కుంటుపడగా పాశ్చాత్య దేశములు ఈ విధానమును విరివిగా పట్టుకొనెను. హైదరాబాదు ప్రయోగశాలకు ఇంటి పెరటిపంటయే ముడిసరకు. 1948నుండి 1962వరకు డాక్టరు సయ్యద్ హుసేన్ జహీరు ఆ సంస్థకు అధిపతిగా నుండెను. నూనెలు, పూతలు అచ్చటి పరిశోధనలలో ముఖ్యస్థానము వహించెను. కె. టి. అచయ్య గారు 1950నుండి ఇరువదియేండ్లకు పైగా అచ్చట నూనెలపై పనిచేసి, ఆముదపు రసాయన రూపములపై 1971లో ప్రకటించిన వ్యాసము విదేశములందును ప్రసిద్ధి కెక్కినది. తరువాత వారే భారతీయుల ఆహారచరిత్ర వ్రాసి మరింత మందికి పరిచితులైరి. చేనిలో ఆముదము ఏరిన చేతులకును, అదే జాతి నూనెతో మెరుగు పెట్టిన తార్నాక తలుపునకును నడుమ ఈ ప్రయోగశాల యున్నదని మన రైతులలో ఎందరికి తెలియును?

ఆ వార్నీషు క్రింద, అన్నిటికంటె అడుగున, ఎఱ్ఱని సన్నని పొర కనబడెను. వృద్ధుడు దూదిని స్పిరిటులో ముంచి అద్దగా క్షణములో జిగురై దూదికి అంటుకొనెను. “చపడా” అనెను. 1964లో వడ్రంగి గుడ్డముద్దతో గుండ్రముగా రుద్ది పట్టించిన లక్క మెరుగది.

లక్క చరిత్ర మనది. పలాశ, రేగు, కుసుమ వృక్షముల రెమ్మలపై చేరు అతి సూక్ష్మమైన పురుగు తన చుట్టును కట్టుకొను బంకయే లక్క. రెమ్మలనుండి గీకి, కడిగి, గుడ్డసంచిలో పోసి, నిప్పుసెగకు కరగించి, పలుచని రేకులుగా సాగదీసినది చపడా. కడిగిన యెఱ్ఱని నీటినుండి స్త్రీల పాదముల కలంకారమైన లత్తుక వచ్చెను. ఈ పురుగు కొరకు 1924లో రాంచీ సమీపమున ప్రత్యేక పరిశోధనాలయమే వెలసినది. మన యేటికొప్పాక వడ్రంగులు అంకుడు కఱ్ఱను తిరుగుడు సానపై త్రిప్పుచు, రంగు కలిపిన లక్కకడ్డీని ఒత్తి, ఆ రాపిడి వేడికే కరగించి బొమ్మలకు మెరుగు పట్టింతురు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది.

మహాభారతమున వారణావతపు లక్క యిల్లు ఎల్లరికి తెలిసినదే. పురోచనుడు ఆ గోడలకు ఏమేమి కలిపి పూసెనో ఆదిపర్వము చెప్పుచున్నది. లక్క, సర్జరసమనబడు గుగ్గిలము, నూనె, నేయి, వానిలో కలిపిన మన్ను. దుర్బుద్ధిని తీసివేసి చూచినచో ఇది వార్నీషు దినుసుల పట్టికయే. ధర్మరాజు లోనికి అడుగిడగానే వాసన పట్టి సంగతి గ్రహించెను. వార్నీషు వేసిన గదిలో దీపము వెలిగింపరాదనుటకు ఇంతకంటె పాత ప్రమాణము నేనెరుగను.

లక్క మెరుగు పెట్టుట ఎంత సులభమో, తరువాత దానితో వేగుట అంత కష్టము. దానికి హైదరాబాదు రాజ్యమే సాక్షి. అజంతా గుహలు నాడు నిజాము రాజ్యమున నుండెను. 1914లో ఏర్పడిన పురావస్తుశాఖకు గులాం యజ్దానీ అధిపతి. చిత్రములు రాలిపోవుచుండుట చూచి, 1920–22 మధ్య ఇటలీనుండి చెక్కోనీ, ఓర్సినీ యను నిపుణులను రావించిరి. వారు ఊడు గచ్చును అతికించి చాల భాగమును కాపాడిరి. కాని వర్ణములు బాగుగా కనబడుటకును, రాలకుండుటకును స్పిరిటులో కరగించిన చపడాను పూసిరి. అది కాలక్రమమున పసుపెక్కి, గోధుమవన్నెకు దిగి, బిగిసి, చిత్రములను మరుగుపరచినది. 1953లో గుహలు కేంద్ర పురావస్తుశాఖ అధీనమునకు వచ్చిన పిదప, రసాయన నిపుణులు దశాబ్దములపాటు ఆ లక్కను వ్రేలెడు వ్రేలెడు చొప్పున తొలగింపవలసివచ్చెను. రెండు శీతకాలములలో పూసినది తీయుటకు ఒక తరము పట్టినది.

లక్క క్రింద టేకు. ఈ కఱ్ఱకు స్వభావసిద్ధమైన తైలగుణము కలదు. చెదపురుగు దానిని ముట్టకుండుటకు అదియొక కారణము. అదే గుణము నూనె పూతలు ఆరుటకు కొంత అడ్డుపడును. కావున టేకుపై రంగు వేయుటకు ముందు టర్పెంటైను తడిపిన గుడ్డతో ఒకమారు గట్టిగా తుడుచుట పనివారి వాడుక.

ఇంతవరకు గీకుట. ఇక కట్టుట. పూతకు ముందు నేలను సిద్ధపరచుట పాశ్చాత్యులు మనకు నేర్పిన విద్య గాదు. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో తుమికి కాయలు, మారేడు మొదలగువానితో చేయు వజ్రలేపమును చెప్పెను. మన తెలంగాణమును ఏలిన కల్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు (1126–1138) అభిలషితార్థ చింతామణిలో చిత్రకారునికి ఆదేశించిన మొదటిపని బొమ్మ వేయుట గాదు. గోడను నున్నజేయుట. దున్నపోతు తోలును వెన్నవలె మెత్తబడువరకు ఉడికించి, కడ్డీలుగా ఆరబెట్టి, మరల వేడినీట కరగించి, తెల్లమన్నుతో కలిపి మూడుమారులు పూయవలెనని ఆయన విధించెను. ఒక పూత ఆరిన పిమ్మటనే రెండవది. రాజు స్వయముగా వ్రాసిన గ్రంథమున కూలివాని పనికి ఇంత చోటు దొరకుట నాకు మిక్కిలి సంతోషము కలిగించినది.

చేర్యాల నకాశీలు నేటికిని ఆ త్రోవనే నడచుచున్నారు. ఖద్దరు బట్టకు గంజి, తెల్లమన్ను, చింతగింజల అంబలి, జిగురునీరు కలిపి పూతపై పూత వేసి ఆరబెట్టిన గాని కుంచె పట్టరు. నిర్మల బొమ్మల పనివారు పొనికి కఱ్ఱ అతుకులను ఱంపపుపొట్టు, చింతగింజల ముద్దతో పూడ్చి, పైన తెల్లమన్ను పూసి, నున్నగా రుద్ది, అప్పుడు రంగునకు వత్తురు. తార్నాకలో ఆ వృద్ధుడు డబ్బాలోని లప్పము తీసి తలుపు సందులలో పూడ్చుచుండగా, చింతగింజల అంబలికి బదులు చాకుపొడి వచ్చినది తప్ప పద్ధతి మారలేదని నాకు తోచెను.

అతడు చేసిన పని క్రమము చెప్పెదను. తలుపును బంధములనుండి దింపి, బల్లపై పరుండబెట్టెను. తాళము, గొళ్లెము, మరలు విప్పి ఒక డబ్బాలో వేసెను. ముందు జిడ్డు వదల్చవలెను, పిమ్మట రుద్దవలెను. ఇది తారుమారైనచో ఉప్పుకాగితము జిడ్డును కొయ్యలోనికే త్రోయును. బట్టల సోడా కొలదిగా కలిపిన గోరువెచ్చని నీట గుడ్డ ముంచి పిండి తుడిచి, వెంటనే మంచినీటితో తుడిచి నీడన ఆరబెట్టెను. నూనె వార్నీషునకు ఇది చాలును. లక్క మెరుగైనచో సోడా వాడరాదు. లక్క క్షారమునకు లొంగి తెల్లబారి జిగటయగును. దానికి టర్పెంటైనుతో తుడుచుటయే తగినది.

తరువాత పరీక్ష. తలుపు చాటున కనబడనిచోట స్పిరిటు దూది అద్దవలెను. జిగురైన లక్క. స్పిరిటునకు చలింపక తిన్నరునకు కరగినచో స్ప్రేతో కొట్టిన లాకరు. రెంటికిని లొంగనిచో నూనె వార్నీషు. మన పనివారిలో పెక్కుమంది ఈ పరీక్ష చేయరు. ఒక్క నిమిషపు పని. లక్కయైనచో దానిని వీలైనంత తీసివేయుటయే మేలు. చపడాలో నూటికి నాలుగైదు పాళ్లు మైనముండును, మైనముపై రంగు సరిగా పట్టదు. ఆ పొర స్పిరిటుతోనే మెత్తబడి వచ్చును. నూనె వార్నీషు గట్టిగా, పెచ్చులేక యున్నచో దానిని కొయ్య తేలువరకు గీకనక్కరలేదు. మెరుపు పోవువరకు రుద్దిన చాలును. పెచ్చు లేచినచోట మాత్రము ఇనుప పట్టీతో గట్టి అంచు తగులువరకు గీకి, ఆ అంచును రుద్ది సమము చేయవలెను. వ్రేలితో తడిమిన మెట్టు తగులరాదు.

రుద్దుట ఎప్పుడును కఱ్ఱ చార వెంబడియే జరుగవలెను. అడ్డముగా రుద్దిన గీతలు రంగు వేసిన పిదప వెలుగులో కనబడును. ముందు 120 అంకె కాగితము, పిమ్మట 180 లేక 220. పని ముగిసినదని ఎట్లు తెలియును? తలుపును ఓరగా వెలుగునకు పట్టి చూడవలెను. ఎక్కడనైనను మిలమిల మెరిసిన అచ్చట పని మిగిలియున్నట్లే. అంతయు పాలవలె మందమైన కాంతిలో నుండవలెను. ఆ వృద్ధుడు చూపు మందగించినందున అరచేతితోనే చూచుకొనుచుండెను. అతని అరచేయి తప్పిన చోటు నా కన్ను పట్టలేదు.

దుమ్ము తుడిచి, కొయ్యకు తగిన ప్రైమరు పలుచగా ఒక పూత. అది ఆరిన పిమ్మట లప్పము. లప్పమును ప్రైమరుకంటె ముందు పెట్టినచో కొయ్య దానిలోని నూనెను పీల్చివేయగా అది పొడియై రాలును. లప్పమారిన పిదప మరల రుద్ది, మరల ప్రైమరు, ఆపై ఎనామిలు రెండు పలుచని పూతలు. ఒక్క దట్టపు పూతతో పని కానిచ్చుట సోమరితనము. పైన మీగడ కట్టి లోన పచ్చిగా నిలిచిపోవును. వానకాలమున ఈ పని పెట్టుకొనరాదు. గాలిలో తేమ యున్నప్పుడు కఱ్ఱ ఉబ్బియుండును, పూత ఆరదు. దీపావళి దాటినది మొదలు శివరాత్రివరకు మంచి కాలము.

ఇక మన గ్రంథాలయపు సంగతి. వాచనాలయమున నాలుగు టేకు బీరువాలు కలవు. మూడింటికి ఒక్కమారును రంగు తగులలేదు. వాని వెనుకతట్టున దూది అద్ది చూచితిని, లక్క మెరుగు. వీనికి ఎనామిలు వేయుట నాకు సమ్మతము గాదు. మైల తుడిచి, తేలికగా రుద్ది, మరల చపడా పట్టించిన చాలును. లక్కపై లక్క కరగి ఒక్కటైపోవును, ఇట్టి సౌలభ్యము నూనె రంగునకు లేదు. నాలుగవది, బాలసాహిత్యపు బీరువా. ఎవరో దాత యిచ్చిన పాతది. దానిపై పసుపుపచ్చని ఎనామిలు పెచ్చులు లేచి, పిల్లల చేతులకు రేకులు అంటుచున్నవి. ఆ రంగు ఏ కాలపుదో, అందేమున్నదో తెలియదు గనుక సీసమున్నట్లే భావించి మెలగుట మేలు. దానికి రంగు వేయవలసినదే. కాని పుస్తకములన్నియు తీసి, బీరువాను వెలుపల చెట్టుక్రిందికి చేర్చి, క్రింద ప్లాస్టికు పట్టా పరచి, తడి కాగితముతోనే రుద్దవలెను. రాలినదంతయు పట్టాతో సహా మూటగట్టవలెను. దానిని కాల్చరాదు, పొలములోను చెరువులోను వేయరాదు. పని ముగిసి, నేల తడిగుడ్డతో తుడిచినదాక పిల్లలను ఆ వైపునకు రానీయరాదు.

మరియొకటి. అవిసెనూనె, నూనె వార్నీషు పీల్చిన గుడ్డలను పనివారు సాయంకాలము ఒక మూల కుప్పగా పడవేసి పోవుదురు. నూనె గాలిని గ్రహించి ఆరునప్పుడు వేడి పుట్టును. కుప్ప నడుమ ఆ వేడి వెలికిపోవు మార్గములేక పెరిగి, నిప్పు సోకకయే గుడ్డలు తమంత తాము రాజుకొనును. ఈ గుడ్డలను బయట ఒక్కొక్కటిగా తీగపై ఆరవేయవలెను, లేదా నీళ్ల బకెటులో ముంచియుంచవలెను. నాలుగువేల పుస్తకములున్న గదిలో రాత్రివేళ అట్టి కుప్ప ఉండరాదు. పని జరుగు వారముదినములు బకెటును, తాళపుచెవిని నేనే చూచుకొందునని కార్యదర్శిగారికి తెలిపియున్నాను.